రెండు పడవల బడి!

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు పెద్దలు. పెడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కానీ మెక్సికో సిటీలో ఒక బడి ఉంది. పిల్లలు రెండు పడవల మీద నిలబడటం నేర్చుకోవాలనే తల్లిదండ్రులు ఏరికోరి అందులో చేర్పిస్తారు. ఒక పడవ మెక్సికో. ఇంకొకటి జపాన్. రెంటి మధ్యా పసిఫిక్ మహాసముద్రం. ఇక్కడ పొద్దుపోయే వేళకి అక్కడ మర్నాడు తెల్లవారుతుంది. ఇక్కడ మొక్కజొన్న రొట్టె, మిరపకాయ లేనిదే ముద్ద దిగదు. అక్కడ అన్నం, చేప లేనిదే భోజనం కాదు. ఇక్కడ 'ఇదిగో ఇప్పుడే వస్తా' అంటే అయిదు నిమిషాలూ కావచ్చు, అరపూటా కావచ్చు. అక్కడ రైలు నిమిషం ఆలస్యమైతే క్షమాపణలు చెబుతారు. ఇంత దూరంగా ఉన్న రెండు దేశాల చదువుల్ని ఒకే ప్రహరీగోడ లోపలికి తెచ్చిన ఆ బడి పేరు 'లిసియో మెహికానో హపోనేస్'. అంటే, మెక్సికో-జపాన్ విద్యాలయం. 1977లో మొదలైంది.

నగరానికి దక్షిణాన పెద్రెగాల్ అనే ప్రాంతంలో ఉంటుందది. ఎప్పుడో ఒక అగ్నిపర్వతం పేలి, లావా ప్రవహించి, గడ్డకట్టి నల్లరాయిగా మారిన నేల అది. ఆ రాతి మీదే తర్వాతి కాలంలో ఖరీదైన ఇళ్లు, తోటలు లేచాయి. అక్కడే ఈ బడి కూడా.

పేరు ఒకటే గానీ లోపల ఉన్నవి రెండు విభాగాలు. ఒకటి మెక్సికో విభాగం. కిండర్ గార్టెన్ నుంచి మన ఇంటర్మీడియట్‌తో సమానమైన 'ప్రెపరటోరియా' వరకూ అక్కడి ప్రభుత్వ పాఠ్యప్రణాళికే ఉంటుంది. దాంతోపాటు జపనీస్ భాష కూడా తప్పనిసరి. రెండోది జపాన్ విభాగం. ఇందులో చదువంతా జపనీస్‌లోనే. జపాన్ విద్యాశాఖ ప్రణాళిక, జపాన్ పాఠ్యపుస్తకాలు, జపాన్ నుంచి వచ్చిన ఉపాధ్యాయులు. కంపెనీ పని మీద నాలుగైదేళ్లు మెక్సికోలో ఉండి వెళ్లిపోయే ఉద్యోగుల పిల్లల కోసం ఆ ఏర్పాటు.

ఒకే బడిలో ఇన్ని పట్టింపులు ఎందుకొచ్చాయి? తెలియాలంటే ఓ నూటపాతికేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

కాఫీ తోటల కల

1888లో మెక్సికో, జపాన్ దేశాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. అప్పటిదాకా పాశ్చాత్య దేశాలు జపాన్‌తో చేసుకున్నవన్నీ తమకు అనుకూలమైన, ఏకపక్ష ఒప్పందాలే. జపాన్‌ని తమతో సమానంగా చూసి మెక్సికో చేయి కలిపింది. జపానీయులు ఆ గౌరవాన్ని ఇప్పటికీ మరిచిపోరు.

ఆ తర్వాత తొమ్మిదేళ్లకు, 1897లో, జపాన్ మాజీ విదేశాంగ మంత్రి ఎనొమోతో తకెయాకి పూనికతో ముప్పైమందికి పైగా యువకులు ఓడెక్కారు. మెక్సికో దక్షిణ కొసన ఉన్న చియాపస్ రాష్ట్రంలో కాఫీ తోటలు పెంచాలన్నది సంకల్పం. కల గొప్పదే. కానీ ఎంచుకున్న నేల కాఫీకి పనికిరాలేదు. డబ్బు అందలేదు. జ్వరాలు చుట్టుముట్టాయి. కొద్దికాలానికే వలస చెదిరిపోయింది. కొందరు తిరుగుముఖం పట్టారు. మిగిలినవాళ్లు అకాకొయాగువా అనే ఊళ్లో స్థిరపడ్డారు. చిన్న చిన్న వ్యాపారాలు మొదలుపెట్టారు. అక్కడి అమ్మాయిల్నే పెళ్లాడారు. తలో చేయీ వేసి సహకార సంఘం పెట్టుకున్నారు.

గమ్మత్తేమిటంటే, కాస్త నిలదొక్కుకోగానే ఆ సంఘం చేసిన పనుల్లో ఒకటి బడి పెట్టడం. మరొకటి స్పానిష్-జపనీస్ నిఘంటువు తయారుచేయించడం. కూడు, గూడు తర్వాత వాళ్లకు గుర్తొచ్చింది భాషే. పరాయి నేల మీద పుట్టిన పిల్లలు ఇరుగుపొరుగుతో మాట్లాడాలి. ఇంట్లో తండ్రితోనూ మాట్లాడాలి. ఆ రెండూ కుదరాలంటే బడి కావాలి. ఇవాళ్టి లిసియోకి విత్తనం అక్కడే పడిందనుకోవచ్చు.

యుద్ధం తోలుకొచ్చిన బడి

ఆ తర్వాత నలభయ్యేళ్లలో జపాన్ నుంచి ఇంకా చాలామంది వచ్చారు. గనుల్లోకి, రైలు మార్గాల పనుల్లోకి కూలీలుగా వచ్చినవాళ్లు ఎక్కువ. వైద్యులు, దంతవైద్యులు కూడా వచ్చారు. పసిఫిక్ తీరంలో చేపలు పట్టేవాళ్లు, ఉత్తర సరిహద్దులో పత్తి పండించేవాళ్లు, చిల్లర దుకాణాలు నడిపేవాళ్లు... దేశమంతటా చెల్లాచెదురుగా బతికారు.

1941 డిసెంబరు. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసింది. వెనువెంటనే మెక్సికో ఆ దేశంతో సంబంధాలు తెంచుకుంది. 1942 మొదట్లో ఒక ఉత్తర్వు వచ్చింది. తీరప్రాంతంలోనూ, అమెరికా సరిహద్దు వెంబడీ ఉన్న జపానీయులంతా ఇళ్లు ఖాళీ చేసి మెక్సికో సిటీకో, గ్వాదలహారాకో వెళ్లిపోవాలి! ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న దుకాణాలు, పడవలు, పొలాలు ఎక్కడివక్కడ వదిలేశారు. పెట్టె చేతబట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని రైలెక్కారు. అమెరికాలోలాగా ముళ్లకంచెల శిబిరాల్లో బంధించలేదు గానీ, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. వచ్చినవాళ్లకు తలదాచుకునే చోటు చూడటం, అన్నం పెట్టడం అప్పటికే రాజధానిలో ఉంటున్న జపాన్ కుటుంబాల మీద పడింది. వాళ్లు పరస్పర సహాయ సంఘం పెట్టుకుని ఆ భారం మోశారు. తోటమాలిగా పేరు తెచ్చుకున్న మత్సుమోతో కుటుంబం తమ ఎస్టేటును ఇలా వచ్చినవారి కోసం ఇచ్చింది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. దేశం నలుమూలలా విడివిడిగా బతికినవాళ్లు ఒక్కసారిగా ఒకే నగరంలో చేరారు. పక్కపక్క పేటల్లో వందల కుటుంబాలు. పిల్లలు బోలెడు. వీళ్ల చదువు ఏం కావాలి? యుద్ధం ముగిశాక జపాన్ తిరిగి వెళ్లిపోతామని చాలామంది తల్లిదండ్రుల నమ్మకం. వెళ్లినప్పుడు పిల్లలకు భాష రాకపోతే ఎలా? పొద్దున మెక్సికో బడికి వెళ్లొచ్చిన పిల్లలకు మధ్యాహ్నం పూట జపనీస్ చెప్పే చిన్న చిన్న బడులు పేటపేటకూ పుట్టుకొచ్చాయి. శత్రుదేశపు భాష అని బయట గొంతు తగ్గించి మాట్లాడుకునే రోజుల్లో పుట్టిన బడులవి.

1945లో జపాన్ ఓడిపోయింది. వెళ్దామన్నా అక్కడ మిగిలింది బూడిద. వదిలొచ్చిన ఊళ్లకు కూడా చాలామంది తిరిగి వెళ్లలేకపోయారు. ఇక ఇదే మన ఊరు అనుకున్నారు. అప్పటిదాకా 'తిరిగి వెళ్లడానికి' నేర్పిన భాషని అప్పటి నుంచీ 'మరిచిపోకుండా ఉండటానికి' నేర్పారు. అక్షరాలు అవే. అవసరం మాత్రం మారిపోయింది.

జపాన్‌కే తెలియని 'జపాన్ పల్లీలు'

ఆ తరం ఎలా నిలదొక్కుకుందో చెప్పడానికి ఒక చిరుతిండి చాలు. యొషిహెయ్ నకతాని అనే ఆయన 1932లో మెక్సికో వచ్చి గుండీల కర్మాగారంలో పనికి కుదిరాడు. యుద్ధం దెబ్బకి అది మూతపడింది. పెళ్లాం, పిల్లలు. ఏంచేయాలి? చిన్నప్పుడు తమ ఊళ్లో తిన్న చిరుతిళ్లు గుర్తుచేసుకుని, వేరుసెనగ పప్పులకు పిండి పట్టించి, సోయా సాస్ రుచి తగిలించి, కరకరలాడేలా వేయించి లా మెర్సెద్ బజారులో అమ్మాడు. జనం ఎగబడి కొన్నారు. ఇవాళ మెక్సికోలో 'జపాన్ పల్లీలు' తెలియని ఇల్లుండదు. జపాన్‌లో అడిగితే మాత్రం అవేమిటని ఎదురడుగుతారు. ఎందుకంటే అవి పుట్టింది మెక్సికోలో!

చెట్ల సంగతీ అంతే. 1930 ప్రాంతంలో మెక్సికో అధ్యక్షుడికి తమ రాజధానిలోనూ జపాన్ చెర్రీ చెట్లు నాటించాలని ముచ్చట పుట్టిందట. సలహా అడిగింది పైన చెప్పిన మత్సుమోతో కుటుంబపెద్ద తత్సుగోరోనే. చెర్రీ పూయాలంటే గట్టి చలికాలం ఉండాలి, ఈ వాతావరణానికి నప్పదని ఆయన తేల్చేశాడు. అందుకు బదులుగా దక్షిణ అమెరికాకు చెందిన జకరాండా నాటమన్నాడు. ఇప్పుడు ఏటా మార్చి వచ్చేసరికి మెక్సికో సిటీ వీధులన్నీ ఊదారంగు పూలతో నిండిపోతాయి. ఇంచుమించు అదే సమయంలో జపాన్‌లో చెర్రీ పూస్తుంది. పరాయి నేల మీద తన చెట్టునే నాటాలని పట్టుబట్టకుండా, ఆ నేలకు ఏది నప్పుతుందో చూసిన తోటమాలి ఆయన. ఈ బడి గురించి తెలుసుకుంటుంటే ఆ తోటమాలి గుర్తురాక మానడు.

ఉండేవాళ్లు... వెళ్లేవాళ్లు

1960ల నాటికి జపాన్ మళ్లీ లేచి నిలబడింది. 1966లో నిస్సాన్ కంపెనీ మెక్సికోలోని క్వెర్నవాకా దగ్గర కార్ల కర్మాగారం తెరిచింది. జపాన్ బయట ఆ కంపెనీకి అదే మొదటిది. దాని వెనకే మరికొన్ని కంపెనీలు. ఇంజినీర్లు, మేనేజర్లు కుటుంబాలతో సహా దిగారు. వీళ్ల సమస్య పాత వలస కుటుంబాల సమస్యకు పూర్తిగా తలకిందులు. వాళ్లు ఉండిపోయేవాళ్లు. పిల్లలు జపాన్‌ని మరిచిపోతారేమోనని బెంగ. వీళ్లు వెళ్లిపోయేవాళ్లు. తిరిగి వెళ్లాక పిల్లలు జపాన్‌లోని హైస్కూలు ప్రవేశ పరీక్షల్లో వెనకబడిపోతారేమోనని భయం. అక్కడ ఆ పరీక్ష ఎంత పెద్ద గండమో, ఎంసెట్ చూసిన మనకు విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ రెండు బెంగల్నీ ఒక్కచోట చేర్చి పరిష్కారం వెతికినవారిలో ముఖ్యుడు కార్లోస్ కసుగా ఒసాకా. జపాన్ నుంచి వలస వచ్చిన దంపతులకు మెక్సికోలో పుట్టిన రెండో తరం వాడు. ప్లాస్టిక్ ఆటవస్తువుల వ్యాపారంలో ఎదిగి, తర్వాత మెక్సికోలో 'యాకుల్ట్' పెరుగు పానీయం కంపెనీని స్థాపించినవాడు. ఈయన, ఈయనలాంటి మరికొందరు వలస కుటుంబాల పెద్దలు, జపాన్ కంపెనీలు కలిశాయి. అలా 1977లో లిసియో తలుపులు తెరుచుకున్నాయి.

కసుగా తర్వాతి కాలంలో దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చారు. ఆయన చెప్పేదాని సారం ఇది: ముందు మంచిగా ఉండాలి, అప్పుడు పని మంచిగా చేయగలం, దాంతో బతుకు మంచిగా సాగుతుంది, ఆస్తిపాస్తులు ఆ తర్వాతే వస్తాయి. బడి మొదలుపెట్టాల్సింది చివరి మెట్టు నుంచి కాదు, మొదటి మెట్టు నుంచి అంటారాయన.

ఆయన పేరునే ఒకసారి గమనించండి. కార్లోస్ స్పానిష్ పేరు. కసుగా తండ్రి ఇంటిపేరు. ఒసాకా తల్లి ఇంటిపేరు. మెక్సికోలో ప్రతి మనిషికీ తల్లిదండ్రులిద్దరి ఇంటిపేర్లూ ఉంటాయి. జపాన్‌లోనైతే ఒక్కటే ఇంటిపేరు. పెళ్లయ్యాక భార్యాభర్తలిద్దరికీ ఒకటే ఉండాలని అక్కడి చట్టం. ఈ పిల్లలకు రెండు సంప్రదాయాల కలయిక బారసాల నాడే మొదలవుతుందన్నమాట.

తరగతి గదిలో...

మరి ఈ రెండు చదువుల మధ్య తేడా ఏమిటి? క్యాలెండర్ దగ్గరే మొదలు. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మెక్సికోలో వేసవి సెలవులయ్యాక, ఆగస్టు చివరికో సెప్టెంబరుకో బడి తెరుస్తారు. స్పానిష్‌కి 27 అక్షరాలు. జపనీస్‌లో హిరగానా, కతకానా అని రెండు వర్ణమాలలు, ఒక్కోదాంట్లో 46 మూలాక్షరాలు. అవి అయ్యాక చైనా నుంచి వచ్చిన చిత్రలిపి 'కంజి'. జపాన్ ప్రాథమిక బడిలో ఆరేళ్లలో నేర్వాల్సిన కంజి అక్షరాలే 1,026! గుణింతాలు నేర్పడానికి ఆపసోపాలు పడే మన అమ్మలు ఈ అంకె చూసి కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు.

కాకపోతే పిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. అ, ఇ, ఉ, ఎ, ఒ... ఈ అయిదు అచ్చులూ స్పానిష్‌లోనూ, జపనీస్‌లోనూ దాదాపు ఒకేలా పలుకుతాయి. జపనీస్ మాటలు మన తెలుగు మాటల్లాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే మెక్సికో పిల్లల నోట జపనీస్, జపాన్ పిల్లల నోట స్పానిష్ త్వరగానే పలుకుతాయి. రాయడం దగ్గరే అసలు పరీక్ష.

మెక్సికో చదువుకీ తనదైన చరిత్ర ఉంది. విప్లవం తర్వాత 1921లో అక్కడ జాతీయ విద్యాశాఖ ఏర్పడింది. 1960 నుంచి ప్రాథమిక విద్యార్థులందరికీ ప్రభుత్వమే ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇస్తోంది. ప్రైవేటు బడులూ వాటిని వాడాల్సిందే. ధనవంతుడి బిడ్డయినా, రైతుకూలీ బిడ్డయినా దేశచరిత్రని అవే పుటల్లో చదవాలన్నది దాని వెనకున్న ఆలోచన. సోమవారం వస్తే ప్రతి బడిలోనూ జెండాకు వందనం, జాతీయగీతం తప్పనిసరి. నవంబరు మొదట్లో 'మృతుల దినం'. చనిపోయిన పెద్దల ఫొటోలు పెట్టి, వాళ్లకిష్టమైన వంటకాలు పెట్టి, బంతిపూలతో అలంకరిస్తారు. బడుల్లోనూ పిల్లల చేత ఇలాంటి పీఠాలు కట్టిస్తారు. (మన బతుకమ్మలో, దసరా తోరణాల్లో ఒదిగిపోయిన బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికోయే!) జపాన్‌లోనూ ఆగస్టు ప్రాంతంలో 'ఒబోన్' అని పెద్దల్ని తలుచుకునే రోజులున్నాయి. మన మహాలయ పక్షంలాగే. ఎక్కడో అక్కడ అందరి ఆచారాలూ కలుస్తాయి. ఆ కలిసే చోటు పిల్లలకు చూపించడమే ఇలాంటి బడి పని.

జపాన్ బడుల తీరు మరోరకం. ఉదయాన బూట్లు విప్పి, లోపలి చెప్పులు తొడుక్కుంటారు. మధ్యాహ్న భోజనం వంతుల వారీగా పిల్లలే వడ్డిస్తారు. తినబోయే ముందు అందరూ ఒక్కసారిగా కృతజ్ఞత చెబుతారు. బడి ముగిసేలోగా గుడ్డలు, చీపుళ్లు పట్టుకుని తరగతి గదులూ, వరండాలూ తుడుస్తారు. ఏడాదికోసారి 'ఉన్‌డోకై' అని ఆటల పండగ. అందులో పతకాల వేట కన్నా జట్టుగా ఆడటమే ముఖ్యం. అమ్మానాన్నలూ తాడు లాగే పోటీలో దిగుతారు. లిసియోలో ఉన్‌డోకై పెద్ద సందడి. 'అకిమత్సురి' అనే శరదుత్సవం వస్తే నగరవాసులు కూడా తరలివస్తారు. అక్కడ జపాన్ డప్పులు మోగుతాయి, జపాన్ తినుబండారాలు నోరూరిస్తాయి.

చీపురు చెప్పే పాఠం

పిల్లల చేత బడి ఊడిపించడమా? మన దగ్గరైతే తల్లిదండ్రులు ఊరుకోరు. ఊరుకోకపోవడానికి కారణమూ ఉంది. మన బడుల్లో చీపురు అందరి చేతికీ రాలేదు. కొన్ని కులాల పిల్లల చేతికే వచ్చింది. పేదపిల్లల చేత మరుగుదొడ్లు కడిగించారన్న వార్త ఎక్కడో చోట ఇప్పటికీ వింటూనే ఉంటాం. అది చదువు కాదు, అవమానం. జపాన్ పద్ధతికీ దానికీ ఆమడ దూరం ఉంది. అక్కడ ఫలానావాడు ఊడవాలని లేదు. కంపెనీ అధినేత కొడుకైనా, కారు డ్రైవరు కొడుకైనా వంతు వస్తే గుడ్డ తడపాల్సిందే. చాలాచోట్ల మేష్టారూ పక్కనే ఉండి తుడుస్తారు. అందరూ చేసినప్పుడే ఆ పని పాఠం అవుతుంది. కొందరే చేస్తే శిక్ష అవుతుంది. ఒక దేశపు మంచి అలవాటుని ఇంకో దేశానికి తెచ్చేటప్పుడు చూసుకోవాల్సింది ఇదే. చీపురొక్కటే తెస్తే చాలదు. వంతు కూడా తేవాలి.

ఇళ్లల్లో పనివాళ్లు ఉండటం మెక్సికో సంపన్న కుటుంబాల్లోనూ మామూలే. అలాంటి ఇళ్ల పిల్లలకు తన బల్ల తానే తుడుచుకోవాలని చెప్పడం చిన్న సంగతి కాదు. జపనీస్ వ్యాకరణం కన్నా అది కష్టమైన పాఠమే.

కలిశాయా... కలవలేదా?

అంతా బాగానే ఉంది. మరి రెండు విభాగాలు విడివిడిగా ఉన్నప్పుడు ఇది ఒక బడి అవుతుందా, ఒకే గేటు ఉన్న రెండు బడులా? న్యాయమైన ప్రశ్నే. లోకంలో చాలా 'అంతర్జాతీయ' బడుల్లో ఎదురయ్యేదే. ఒకే మైదానంలో ఉన్నా ఎవరి గుంపు వాళ్లదే కావచ్చు. నాలుగేళ్లలో వెళ్లిపోయే పిల్లాడికి స్పానిష్ మీద ఆసక్తి ఎంత ఉంటుంది? వాడి తల్లిదండ్రుల దృష్టి తిరిగి వెళ్లాక రాయాల్సిన పరీక్ష మీదే. ఇక్కడే పుట్టి పెరిగే పిల్లాడికి జపనీస్ ఒక సబ్జెక్టు మాత్రమే అయిపోయే ప్రమాదమూ లేకపోలేదు. పైగా ఇది ప్రైవేటు బడి. ఫీజు కట్టగలిగే ఇళ్లకే అందేది. చియాపస్‌లో వలస కూలీల వారసులకు ఈ గేటు దూరమే.

అయినా, పూర్తిగా కలిపేసి ఒకే ముద్ద చేస్తే ఏమవుతుంది? జపాన్ వెళ్లే పిల్లాడు అక్కడి పరీక్షలో దెబ్బతింటాడు. మెక్సికోలో ఉండే పిల్లాడు ఇక్కడి విశ్వవిద్యాలయానికి కొరగాకుండా పోతాడు. ఉభయభ్రష్టత్వం! అందుకే చదువులు విడిగా ఉంచి, పండగలూ, ఆటలూ, ప్రాంగణమూ కలిపారు. లెక్కలు ఎవరి భాషలో వాళ్లు నేర్చుకుంటారు. తాడు మాత్రం కలిసి లాగుతారు. ఇది గొప్ప సమ్మేళనమా, సర్దుబాటా అంటే... సర్దుబాటే. కానీ ఉమ్మడి కుటుంబాలు నిలిచింది సర్దుబాట్ల మీదే కదా!

మూడో రకం పిల్లలూ ఈ బడిలో ఉన్నారు. వాళ్లకు జపాన్ చుట్టరికమే లేదు. అచ్చంగా మెక్సికో కుటుంబాలు. ఇప్పుడు మెక్సికో విభాగంలో ఇలాంటివాళ్లే ఎక్కువ. వీళ్లు తమది కాని భాషను కోరి నేర్చుకుంటున్నారు. యుద్ధకాలంలో గుసగుసగా మాట్లాడిన భాషను ఇవాళ పొరుగింటి పిల్లలు ఫీజు కట్టి నేర్చుకుంటున్నారంటే, ఆనాటి తల్లిదండ్రులు చూసి ఉంటే ఏమనుకునేవారో!

చట్టం అడిగే ప్రశ్న

బడి రెండు పడవల మీద నిలబడమంటుంది. చట్టం మాత్రం ఒకటే ఎంచుకోమంటుంది. జపాన్ చట్టం ప్రకారం పుట్టుకతో రెండు పౌరసత్వాలు వచ్చిన పిల్లలు 20 ఏళ్లలోపు ఏదో ఒకటి ఎంచుకోవాలి. 2022 దాకా ఈ గడువు 22 ఏళ్లు. మెక్సికోదేమో వేరే దారి. పుట్టుకతో మెక్సికన్ అయినవారు వేరే దేశం పౌరసత్వం తీసుకున్నా తమ పౌరసత్వం పోదని 1998 నుంచి అక్కడ నిబంధన. ఒక తల్లి 'ఇద్దరి దగ్గరా ఉండు నాయనా' అంటుంటే, రెండో తల్లి 'నేనా, ఆమా తేల్చుకో' అన్నట్టు! ఇల్లు వదిలి కాలేజీలో చేరే వయసులో ఆ పిల్లలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. పాస్‌పోర్టు ఒకటే ఎంచుకోవచ్చు. పదిహేనేళ్లు నేర్చుకున్న రెండో భాషను మాత్రం ఏ కార్యాలయంలోనూ అప్పగించి రానక్కర్లేదు. బడి ఇచ్చే అసలు ఆస్తి అదే.

ఈ చిక్కు మనవాళ్లకూ కొత్తేం కాదు. మన దేశంలో రెండు పౌరసత్వాలకు వీల్లేదు. అమెరికా పౌరులైన తెలుగువారు 2005 నుంచి వచ్చిన ఓసీఐ కార్డుతో పుట్టింటికి వచ్చిపోతున్నారు. కాగితాల సంగతి అలా ఉంటే, భాష సంగతి ఇంకోలా ఉంది. 2007లో మొదలైన 'సిలికానాంధ్ర మనబడి' లాంటి వారాంతపు తరగతుల్లో అక్కడ పుట్టిన పిల్లలు అ, ఆలు దిద్దుతున్నారు. అమెరికాలోని జపాన్ కుటుంబాలు శనివారపు బడులు నడిపేదీ ఇందుకే. మెక్సికో సిటీ పేటల్లో మధ్యాహ్నపు బడులు పెట్టిన తల్లిదండ్రులు కూడా ఈ బెంగతోనే పెట్టారు. అమ్మమ్మతో మనవడు మాట్లాడలేకపోతే ఎలా? ఏ దేశం వెళ్లినా వలస ఇళ్లల్లో మొదట అడిగే ప్రశ్న ఇదే.

అయితే లిసియో చరిత్ర చెప్పే సంగతి ఇంకొకటుంది. బెంగ ఒక్కటే ఉంటే భాష మూడో తరం దాటదు. పిల్లలకు అందులో ఆట ఉండాలి, పండగ ఉండాలి, పక్కింటి పిల్లలు కూడా వచ్చి చేరాలనిపించేంత సందడి ఉండాలి. అమ్మమ్మ కోసం మొదలైన చదువు, స్నేహితుడి కోసం కొనసాగాలి. వారాంతపు తెలుగు తరగతిలో పక్కింటి అమెరికా పిల్లాడు కూడా వచ్చి కూర్చుని 'అమ్మ' అని రాసిన రోజున, ఆ తరగతి గురించి మనం బెంగపడాల్సిన పని ఉండదు.

ఆ మాటకొస్తే ఇక్కడి సంగతేమిటి? మన ఊళ్లోనే ఉంటూ, తెలుగు పేపరు చదవలేని పిల్లలున్న ఇళ్లు ఎన్ని లేవు? ఇంగ్లీషు కావాలి, కాదనేవారెవరూ లేరు. రెండో పడవ ఎక్కడం తప్పు కాదు. మొదటి పడవను తన్నేసి ఎక్కడమే తప్పు. రోజూ రాత్రి అన్నాలయ్యాక పదినిమిషాలు పిల్లల చేత ఈ అనుబంధంలోనో, పేపర్లోనో నాలుగు వాక్యాలు పైకి చదివించండి. తర్వాత కంచాలు ఎవరివి వాళ్లు తీసేలా వంతులు వేయండి. నాన్న వంతు కూడా అందులో ఉండాలి సుమా!